మా తాత ఎలుగును కొట్టాడు, మా గోడ వాసన చూడండి

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుందామని నిజామాబాదులో ఒకరింటికి పోయాను. రక్తసంబంధం కాదు, ఊరి వరసకు బావ. ఖిల్లా వైపు పాత ఇల్లు. కూర్చోమనలేదు, మంచినీళ్లు రాలేదు, ముందు గోడ చూపించాడు.

"మా తాత. ఎలుగ్గొడ్డు. ఒకటే గుండు."

ఈ మూడు ముక్కలు ఆయన నోట వినడం నాకిది పదిహేనోసారో పదహారోసారో. గోడ మీద పాత ఫొటో. నడుమ ఒక పెద్దమనిషి. తల మీద రూమీ టోపీ, ఒంటి మీద షేర్వాణీ, కాళ్లకు బూట్లు. ఒక బూటు నేల మీద, ఇంకొకటి ఎలుగు వీపు మీద. ఎలుగు పాపం నాలుక బయట పెట్టి, పక్కకు ఒరిగి, ఈ గొడవతో తనకేం పని అన్నట్టు పడుకుని ఉంది. తాతగారి ముఖంలో మాత్రం "కదలకండి" అని ఫొటోగ్రాఫర్ అన్నాక ఊపిరి బిగబట్టిన మనిషి ముఖంలో ఉండే గాంభీర్యం. ఆ గాంభీర్యం ఎలుగును చూసి వచ్చిందో, కెమెరాను చూసి వచ్చిందో ఇప్పుడు తేల్చడం కష్టం.

ఈ కథలో గుండు ఒక్కటే మారదు. ఎలుగు బరువు ఏటా పెరుగుతుంది. నా పెళ్లినాటికి క్వింటాలు ఉండేది. మా పెద్దపిల్ల బారసాలకు రెండు క్వింటాళ్లైంది. మొన్న దసరాకు మూడు. మాది బోధన్, చెరుకు పండించిన ఇల్లు. తూకం సంగతి మాకు చెప్పొద్దు. కొట్టినప్పుడు ఉన్న బరువు బండెక్కేసరికి ఉండదు. బండి వరసలో రెండు రోజులు ఎండితే కాంటా మీద సగం చెరుకు, సగం మన ఏడుపు. ఎనభై ఏళ్లు ఎండి కూడా బరువు పెరిగే సరుకు నేను చూసింది ఈ ఎలుగు ఒక్కటే. పుట్టలు తవ్వుకుని బతికే మన ఎలుగు మగదైతే మామూలుగా ఒకటిన్నర క్వింటాలు దాటదు, ఆడది క్వింటాలు లోపే. కానీ ఆ మాట బావతో అంటే, "మీకు కనబడేటివి అవే. అప్పటి ఎలుగులు వేరు" అంటాడు. అప్పటి నెయ్యి వేరు, అప్పటి జొన్నలు వేరు, అప్పటి ఎలుగులు వేరు.

మా ప్రాంతం మనిషికి పెద్ద సైజు మీద మోజు ఉండటంలో వింతేం లేదు లెండి. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయింది, మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. 1937లో మా బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. అప్పటి నుంచి "ఆసియాలోకెల్లా పెద్దది" అనే మాట మాకు చనుబాలతో పాటు పట్టారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది గాని మాట మూతపడలేదు. పొగ రాని గొట్టాన్ని చూపిస్తూ, చాయ్ తాగుతూ, "ఆసియాలోకెల్లా" అని మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి గాలి పీల్చిన మనిషికి మామూలు సైజు ఎలుగు ఏం ఆనుతుంది?

నాకు అసలు అనుమానం బరువు మీద కాదు, టైము మీద. "పొద్దున పోయిండు, పొద్దుగూకంగ కొట్టుకొచ్చిండు" అంటాడు బావ. వినాయక చవితి నాడు చేతిలో అక్షింతలు పట్టుకుని అందరం శమంతకోపాఖ్యానం వింటాం గదా. గుహలో ఎలుగుతో కృష్ణుడికి ఎన్ని రోజులు పట్టింది? ఇరవై ఎనిమిది. గోవర్ధనాన్ని చిటికెన వేలి మీద మోసింది ఏడు రోజులే. అంటే కొండతో పడ్డ తిప్పలకు నాలుగింతలు ఎలుగుతో పడ్డాడు. అంతా పడి చంపాడా అంటే, లేదు. మణి తీసుకుని, జాంబవతిని పెళ్లాడి, ఎలుగును మామను చేసుకుని ఇంటికొచ్చాడు. ఆ కథలో వేటకని సరదాగా పోయినవాడు ప్రసేనుడు. వాడు తిరిగి రాలేదు, సింహం నోట పడ్డాడు. ఆ పద్దు మాత్రం ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. భగవంతుడికి ఇరవై ఎనిమిది రోజులు పట్టిన పనిని మా జిల్లా పెద్దలు పొద్దున పూరీ తిని బయల్దేరి, సాయంత్రం చాయ్ వేళకు ముగించుకొచ్చారంటే ఎక్కడో ఎవరో మనకు కనబడని పని చేసి ఉండాలి.

ఆ ఎవరో ఎవరన్నది మా నాయనమ్మ చెప్పేది. ఆమె నోట శికారు అనే మాటకు అర్థమే వేరు. "శికారంటే మాకు ఇంటికో మనిషి" అనేది.

ముందు రోజు పొద్దుగూకాక ఊరి కబురు మోసే మస్కూరి వాడల్లో కేకేసుకుంటూ పోయేవాడట. రేపు దొరకు శికారు, ఇంటికో మనిషి హాకాకు రావాలె. హాకా అంటే తెలియనివాళ్ల కోసం: డప్పులు, రేకు డబ్బాలు, కట్టెలు పట్టుకుని గుట్టను సగం చుట్టూ కమ్ముకుని, అరుస్తూ, కొడుతూ, లోపలున్న జంతువును బందూకు ఉన్న దిక్కుకు తోలడం. కూలి లేదు. గటుక ఎవరిది వాళ్లే మూట కట్టుకోవాలి. ఆ రోజు ఎవరి పొలం పని ఆగినా అది దొర శికారు లెక్కలో రాదు. వెట్టి అంటే మోతలు మోయడం, కట్టెలు కొట్టడం, గడీ ముందు ఊడవడం అని పుస్తకాల్లో చదువుకున్నాం గాని, సరదా కూడా వెట్టి మీదే నడిచేది.

ఎలుగు పగలు గుండ్ల సందుల్లో, సొరికెల్లో పడుకుని నిద్రపోతుంది. దాన్ని లేపాలి. లేపేవాడు దొర కాదు. దొర మంచె మీద ఉంటాడు, కింద దుప్పటి, పక్కన కూజా, వెనక బందూకులో తూటా నింపి అందించే మనిషి. సొరికె నోటి దగ్గర ఆకులు రాజేసి పొగబెట్టేవాడు ఊరివాడు. కళ్లు మండి, నిద్ర చెడి, ఒక్క ఉదుటున బయటపడ్డ ఎలుగుకు బందూకు ఏ చెట్టు మీద ఉందో తెలియదు. దానికి దగ్గర్లో కనబడేది డబ్బా పట్టుకున్న మనిషి. రెండు కాళ్ల మీద లేచి మూతి మీద, నెత్తి మీద కొడుతుంది. దాని గోళ్లు వేలెడు పొడుగు, పుట్టమన్ను తవ్వడానికి పెరిగిన గోళ్లు. గుండు తగిలిన ఎలుగు ముచ్చట దొర ఇంట్లో మిగిలింది. గుండు తప్పిన ఎలుగు ముచ్చట హాకా కొట్టినవాడి మొహం మీద మిగిలింది.

పోచారం చెరువు పక్క అడవి ఒకప్పుడు నిజాం శికారు అడవే. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. ఇప్పుడు కామారెడ్డి, మెదక్ జిల్లాలకు పంచుకున్న ఆ అడవిలోకి పిల్లల్ని తీసుకుపోయి "ఇక్కడ నిజాం నవాబు వేటాడేవాడు" అని చూపిస్తాం. ఒంటరిగా ఆడినట్టు. ఆరో ఆంధ్ర మహాసభ 1937లో జరిగింది మా నిజామాబాదులోనే. వెట్టి మీద ఏళ్ల తరబడి మాట్లాడిన సంస్థ అది. అక్కడ చప్పట్లు కొట్టిన చేతుల్లో కొన్ని గుట్ట కింద డబ్బాలు కొట్టిన చేతులు కూడా అయ్యుంటాయని నా ఊహ.

ఇది మన దొరల జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో 1902 నవంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీకి ఎలుగు వేటకు పోయాడు. ఎలుగును జాడ పట్టింది, కుక్కలతో తరిమింది, తుపాకీ కామాతో దాని తల మీద కొట్టి తాడేసి చెట్టుకు కట్టింది హోల్ట్ కాలియర్ అనే నల్లజాతి వేటగాడు. పుట్టుకతో బానిస. కట్టేశాక అధ్యక్షులవారిని పిలిపించారు, ఇక కాల్చండి అని. కట్టేసిన జంతువును కాల్చడం మర్యాద కాదని ఆయన కాల్చలేదు. ఆహా ఎంత దయ అని పత్రికలో బొమ్మ పడింది. ఆ బొమ్మ చూసి బ్రూక్లిన్‌లో ఒక దుకాణందారు గుడ్డ ఎలుగు కుట్టి "టెడ్డీ" అని పేరు పెట్టాడు, టెడ్డీ ఆ అధ్యక్షుడి ముద్దుపేరు. ఇవాళ నిజామాబాదు గిఫ్ట్ షాపుల్లో, బర్త్‌డేలకు, ఫిబ్రవరి పద్నాలుగుకు అమ్ముడుపోయే ప్రతి గులాబీరంగు బొమ్మకూ అదే పేరు. కాల్చనివాడి పేరు బొమ్మకు నిలిచింది, కట్టేసినవాడి పేరు ఏ బొమ్మకూ లేదు. ఇంకో ముక్క కూడా ఆ బొమ్మతో రాదు: గాయపడ్డ ఆ ఎలుగును చివరికి అధ్యక్షుడి మాట మీదనే కత్తితో చంపారు.

సరే, పాత సంగతులు తవ్వడమెందుకు, కొత్త శికారు చెబుతాను. అందులో నేనూ ఉన్నాను.

దసరా దాటిన ఆదివారం. బావ కొడుకు ఫోనులో ఒక వీడియో. గుట్ట మీద నల్లగా ఏదో కదులుతోంది. "ఇందల్వాయి దిక్కట" అన్నారు ఒకరు. "కాదు, సిర్నాపల్లి" అన్నారు ఇంకొకరు. "మామా, నడువ్. తాత రక్తం ఉన్నది నాల" అన్నాడు అల్లుడు. ఆ రక్తంలో పొద్దున్నే రెండు చాయ్‌లు కూడా కలిసి ఉన్నాయి. పోయాం. అల్లుడు, వాడి ఇద్దరు దోస్తులు, నేను, బండి నడిపే పిల్లగాడు. ఆయుధాలు: ఫోన్లు ఐదు, పవర్ బ్యాంకులు రెండు, డ్రోన్ ఒకటి, కర్రకు తగిలించుకునే సెల్ఫీ సరంజామా ఒకటి. డ్రైవరు పిల్లగాని మెడలో అదనంగా ఒక తాయెత్తు. అందులో ఎలుగు వెంట్రుక ఉందట. జడుపు దగ్గరికి రాదట.

అడవి ఒక దిక్కు, బండి ఇంకో దిక్కు పోయింది. ఏంరా అంటే, "అంకాపూర్ నాటుకోడి లేకుంట శికారేంది మామా" అన్నారు. కోడి ఉడికి, పార్సిలై, బండెక్కేసరికి పన్నెండు దాటింది. నేనూ సర్దుకున్నాను. మా బోధన్‌ను ఏకచక్రపురం అంటారు, భీముడు బకాసురుణ్ణి చంపింది మా దగ్గరే అని మా నమ్మకం. ఆయన మాత్రం ఏం చేశాడు? ముందు బండెడు అన్నం కూర్చుని తిన్నాడు, తర్వాతనే పని. మా బృందం ఆ సంప్రదాయంలో మొదటి సగం అక్షరాలా పాటించింది.

గుట్ట కింద మేకల తాత ఒకాయన కూర్చుని ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో పంగల కర్ర.

"ఏడికి బోతున్రు సార్లు?"

"ఎలుగ్గొడ్డు ఉన్నదట గదా తాతా. చూద్దామని."

"ఇయ్యాల ఐతారం గదా."

"అయితే ఏంది?"

"ఐతారం మీరొస్తరు. అది ఎల్లదు."

అల్లుడు నవ్వాడు. "ఎంత పెద్దగుంటది తాతా?"

"నా అంతుంటది. భయమైతే మీ బండంత ఉంటది."

"భయమైతేనా? దానికా?"

"సూసినోనికి."

మా బావ మూడు క్వింటాళ్ల లెక్క నాకు ఆ గుట్ట కింద తేలింది.

ఆయనే ఎదురుగా ఒక పుట్ట దగ్గరికి తీసుకుపోయాడు. నిలువెత్తు ఎర్రమట్టి పుట్ట. ఒక పక్క నుంచి చంకదాకా చెయ్యి పట్టేంత బొక్క. అంచుల మీద గోళ్ల చారలు, ఐదైదు, దువ్వెనతో గీసినట్టు సమానంగా. లోపలి మన్ను ఇంకా పచ్చిగానే ఉంది. చెదలు అప్పటికే మరమ్మతు మొదలుపెట్టాయి, నోట్లో మట్టి ఉండ పెట్టుకుని తాపీ మేస్త్రీల్లాగా. "మూతి లోపటికి పెట్టి ముందు ఉఫ్ మని ఊదుతది, దుబ్బ పోతది. మళ్ల సర్రున గుంజుతది. రాత్రిపూట నా గుడిసె దాక ఇనబడ్తది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఈ ఎలుగుకు పైవరస ముందుపళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే చెదపురుగుల్ని గాలితో లాగుతుంది. కదిలే పెదవులు, మూసుకునే ముక్కుపుటాలు, అన్నీ ఆ పనికే. నెత్తురు తాగే క్రూరమృగమని మనం భయపెట్టుకునే జంతువు నోరు నిజానికి ఒక వ్యాక్యూమ్ క్లీనర్. దాని పెంట కూడా చూపించాడు. నిండా సీతాఫలం గింజలు, నల్లగా, నిగనిగలాడుతూ. "ఇది తిన్నకాడ మొలిపియ్యదు, తిరిగినకాడ మొలిపిస్తది" అన్నాడు.

పాపం, ఈ జంతువు మీద నీలాపనిందలు కూడా తక్కువేం లేవు. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు పండితుడు దీని పొడుగు గోళ్లు చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు తలకిందులుగా వేలాడే స్లాత్ అనే సోమరి జంతువుకు చుట్టమనుకుని ఆ కుటుంబంలో రాసేశాడు. తప్పు తర్వాత దిద్దుకున్నారు. పేరు మాత్రం నిలిచిపోయి ఇంగ్లీషులో ఇప్పటికీ "స్లాత్ బేర్". రాత్రంతా మన్ను తవ్వి కడుపు నింపుకునే ప్రాణికి సోమరి ముద్ర. మన దగ్గర గుడ్డెలుగు అన్నారు, అది కొంచెం నయం. దాని చూపు నిజంగానే అంతంతమాత్రం. అందుకే మనిషి మరీ దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిసేసరికి ఇద్దరికీ పారిపోయే టైముండదు.

దోస్తుల్లో ఒకడికి ధైర్యం చెప్పాలనిపించింది. "ఏం గాదు. ఎలుగొస్తే చచ్చినట్టు పండుకోవాలె. చిన్నప్పుడు పాఠంల లేదా?" ఉంది. ఇద్దరు స్నేహితులు, ఒకడు చెట్టెక్కాడు, ఒకడు పడుకున్నాడు, ఎలుగు వచ్చి చెవిలో ఊదిపోయింది. ఆ పాఠం రాసినవాళ్లు మన ఎలుగును చూసి ఉండరు. ఇది తేనె కోసం చెట్లెక్కుతుంది. కాబట్టి చెట్టెక్కినవాడి సంగతీ దేవుడెరుగు. ఉలిక్కిపడితే అది వాసన చూసి తీర్పు చెప్పేదాకా ఆగదు, ముందు కొట్టి తర్వాత పోతుంది. నేనీ ముక్క చెబుతుండగానే చప్పుడు వినబడింది.

గుర్ర్‌మని, లోపలినుంచి. గుట్ట అవతల నుంచి.

ముందు పరుగెత్తింది తాయెత్తు. అంటే దాన్ని వేసుకున్న పిల్లగాడు. బండి తాళం వాడి దగ్గరే ఉంది గనుక మిగతావాళ్లం వాడి వెనకే. డ్రోన్ ఎగిరి తుమ్మచెట్టులో ఇరుక్కుంది. నాటుకోడి డబ్బా మూత తెరిచి ఉన్నచోటే ఉండిపోయింది. నా ఎడమకాలి చెప్పు కూడా. మేకల తాత కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మేం ఎగశ్వాసతో ఆయన్ను దాటుతుంటే, "అది కంకర మిషన్ సార్" అన్నాడు. "ఐతారం గూడ నడుపుతరు."

గుట్ట అవతలి సగం అప్పటికే లేదట. ఎలుగు పడుకునే గుండ్లు, సొరికెలు కంకరై, లారీలెక్కి, మన ఇళ్ల స్లాబుల్లోకి వచ్చేశాయి. ఒక లెక్కన ఎలుగు మన ఇంటికి రాలేదు. దాని ఇల్లే మన ఇంట్లోకి వచ్చింది.

రాత్రికి అల్లుడు పద్నాలుగు సెకన్ల వీడియో పెట్టాడు. సినిమా మ్యూజిక్, పైన "ఎలుగుబంటితో ముఖాముఖి". పొదల వెనక నల్లగా కదులుతున్నది మేకల తాతది, నల్ల మేక. తెల్లారేసరికి ఆ మేక జిల్లా దాటిపోయింది.

జడుపు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు షక్కర్‌నగర్ క్వార్టర్ల దిక్కు ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు. డమరుకం చప్పుడు వినబడగానే మా నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయి దాని వీపు మీద కూర్చోబెట్టింది, భయం పోతుందని. నేను దాని మీదనే తడిపేశాను. అది కదల్లేదు. దాని ముక్కు పైన కాల్చి చేసిన రంధ్రంలోంచి తాడు, తాడు చివర మనిషి. దిగాక ఒక వెంట్రుక కొని తాయెత్తులో వేసింది. ఆ వాడలో ఆ రోజు అమ్ముడైన వెంట్రుకలన్నీ దానివే అయితే ఆ ఎలుగుకు సాయంత్రానికి బట్టతల రావాలి. 1998లో కేంద్రం ఎలుగుల ఆటను నిషేధించింది. 2009 చివరికి దేశంలో ఆఖరి ఆటల ఎలుగును విడిపించి సంరక్షణ కేంద్రానికి చేర్చామని ఆ పని మీదున్న సంస్థ ప్రకటించింది. తాయెత్తుల్లో మాత్రం వెంట్రుకలు ఇంకా దిగుతూనే ఉన్నాయి. ఎవరి గడ్డంవో.

ఇక మన చానళ్లు. వీళ్ల దగ్గర ఎలుగుకు ఒకటే పని, హల్‌చల్. "జనావాసాల్లో ఎలుగుబంటి హల్‌చల్." 2023 ఆగస్టులో కరీంనగర్ శివారు కాలనీల్లోకి ఒక ఎలుగు వస్తే, మత్తు ఇచ్చి పట్టుకునేదాకా హల్‌చల్. టీవీలో ఇలాంటివి నేను శ్రద్ధగా చూస్తాను. ప్రతిసారీ ఎలుగు ఒక్కటే ఉంటుంది, గోడ పక్కన, ఎటు పోవాలో తెలియక. గోడల మీద, డాబాల మీద, బైకుల మీద వందల మంది, ఈలలు, కేకలు, రాళ్లు, ఫోన్లు. హాకా సరిగ్గా ఇలాగే ఉండేది. తేడా ఒక్కటే: అప్పుడు ఇంటికో మనిషిని బలవంతంగా పిలిచేవారు, ఇప్పుడు ఇంటికి నలుగురు వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. ఎదురుగా వల పట్టుకుని, చేతికర్రతో నిలబడే ఫారెస్టు వాచర్ జీతం ఎంతో, ఆ రాత్రి తిన్నాడో లేదో స్క్రోలింగులో రాదు.

నవ్వకూడని చోట నవ్వడం నాకు ఇష్టం లేదు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒక రైతును చంపింది, మరునాడు ఆరుగురిని గాయపరిచింది. మత్తు ఇచ్చి పట్టుకున్నారు, తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. ఎలుగు బొమ్మ కాదు, ఎలుగు భయం అబద్ధం కాదు. అయితే ఆ భయం ఎవరిది? ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే తునికాకు కోయడానికి అడవికి పోయే ఆడవాళ్లది. ఆ తునికి పండే ఎలుగుకు ప్రాణం, ఆ తునికి ఆకే మనిషికి కూలి. ఇద్దరూ ఒకే చెట్టు దగ్గర, చీకట్లో, తలలు వంచుకుని. ఆ ఆకు నిజామాబాదు జిల్లాలో ఇంటింటా చాటల్లోకి వస్తుంది. వేల మంది ఆడవాళ్లు గోళ్లరిగేలా బీడీలు చుడతారు. ఎలుగు ఎదురైతే ఏం చేయాలో వాళ్లకు తెలుసు, వంద గజాల దూరం నుంచే మాట్లాడుకుంటూ, దగ్గుకుంటూ పోతారు. వాళ్లు వీడియోలు పెట్టరు. వాళ్లలో ఎవరింట్లోనూ ఎలుగు మీద కాలేసిన ఫొటో నేను చూడలేదు.

ఈ మాటలన్నీ మనసులో పెట్టుకుని, ఒంటి చెప్పుతో, మరుసటి వారం బావ ఇంటికి మళ్లీ పోయాను. అల్లుడి వీడియో అప్పటికే ఆయన మూడుసార్లు చూశాడు. "రక్తం ఎక్కడికి పోతది" అన్నాడు.

"బావా, 1972 చట్టం ప్రకారం ఇప్పుడు ఎలుగును చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు" అన్నాను.

"మా తాత కాలంల చట్టం లేదు గదా."

"అందుకే గోడ మీదున్నడు. ఇప్పుడైతే లోపలుండేవాడు."

లోపల అంటే వాళ్లింటికి ఎంత దూరమని! ఖిల్లా మీది పాత జైలే. ఆ జైల్లో ఉన్నప్పుడు కవి దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. ఈ ఊళ్లో చుట్టాలకు చూపించదగ్గ గోడ నాకు తెలిసి అదొక్కటి. బావ చిన్నప్పటి నుంచీ దాని నీడలోనే ఉన్నాడు, ఎప్పుడైనా ఎక్కి చూశావా అంటే, "మెట్లు ఎక్కువుంటయ్" అన్నాడు.

ఆయన చాయ్ చెప్పడానికి లోపలికి పోయినప్పుడు ఫొటో దగ్గరికి పోయి ఫోనుతో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఇన్నేళ్లుగా నడుమనే చూశాను. అంచుల్లో మనుషులున్నారు. ఎడమ పక్క ఇద్దరు, కుడి పక్క ఒకడు సగం. గోచీలు, చేతుల్లో కట్టెలు, ఒకడి మెడలో రేకు డబ్బా. కాళ్లకు చెప్పుల్లేవు. కుడి పక్కవాడి నెత్తి నుంచి దవడ దాకా గుడ్డ చుట్టి ఉంది, ఒక కన్ను గుడ్డ కింద. తెల్లగుడ్డ. దాని మీద నల్లటి మరక, ఫొటో పాతబడి వచ్చిన మరకో కాదో చెప్పలేను. ఆ ఒక్క కన్నుతో వాడు కెమెరాను చూడటం లేదు. ఎలుగును చూస్తున్నాడు.

బావ చాయ్ పట్టుకొచ్చాడు.

"వీళ్లెవరు బావా?"

దగ్గరికొచ్చి, కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "వాళ్లా? ఎవరో ఊరోళ్లు." చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. "మంచి యాదికి తెచ్చినవ్. పిల్లగాడు దీన్ని పెద్దగ చేయిస్తనంటున్నడు, కలర్ల. స్టూడియోల ఇచ్చినం. రెండు దిక్కుల ఆ అంచులు కోసేస్తే తాత నడుమకొస్తడట."